అంకెలన్నీ మీరే ఇచ్చేస్తే మేం నేర్చుకునేది ఏముంటుంది?

విశ్వవిద్యాలయాల్లో ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ సిలబస్ నిర్ణయించే బోర్డు సభ్యులకు, ఆ సబ్జెక్టు చెప్పే అధ్యాపకులకు, ప్రశ్నపత్రాలు తయారుచేసే పరీక్షల విభాగాలకు బహిరంగ లేఖ

విషయం: ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ కోర్సులో క్షేత్ర పరిశీలనను తప్పనిసరి చేయాలని, పరీక్ష పద్ధతి మార్చాలని విన్నపం.

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్, అంటే సరుకు తయారీ, నిల్వలు, సేవలు సాఫీగా సాగేలా పనిని అమర్చే శాస్త్రం, ప్రధానాంశంగా పీజీ చేశాను. ఎనిమిదేళ్లుగా ఆ పనే చేస్తున్నాను. మొదట ఒక ఆసుపత్రిలో, తర్వాత ఒక గోడౌన్‌లో, ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ ప్లానింగ్ విభాగంలో. నాతోపాటు చదివిన కొందరం కలిసి ఈ కోర్సు గురించి మా విశ్వవిద్యాలయానికి రెండుసార్లు వినతిపత్రం పంపాం. మొదటిది అందినట్టు రసీదు వచ్చింది. రెండోదానికి అదీ రాలేదు. ఈలోగా సిలబస్ ఒకసారి మారింది. పేర్లు కొత్తవయ్యాయి, రెండు యూనిట్లు ముందుకీ వెనక్కీ జరిగాయి. మేం అడిగిన వాటిలో ఒక్కటీ అందులో లేదు. వేరే విశ్వవిద్యాలయాల్లో చదివిన సహోద్యోగులను కదిలిస్తే వాళ్ల అనుభవమూ ఇలాగే ఉంది. అందుకే ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను.

మాకు చదువు చెప్పినవారంటే నాకు గౌరవం ఉంది. ఈ సబ్జెక్టు మీద ఇష్టం పుట్టించింది వాళ్లే. నా ఫిర్యాదు పద్ధతి మీద.

డేటాను తెలుగులో దత్తాంశం అంటాం. దత్తం అంటే ఇచ్చినది. మా రెండేళ్ల చదువు అక్షరాలా ఈ మాట మీదే నడిచింది. ఏడాదికి గిరాకీ ఎంతో ఇచ్చేవారు. ఒక్కో ఆర్డరుకు అయ్యే ఖర్చు, సరుకు నిల్వ ఉంచే ఖర్చు ఇచ్చేవారు. గంటకు ఎంతమంది వస్తారో, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు పడుతుందో కూడా ఇచ్చేవారు. మేం సూత్రంలో వేసి జవాబు కింద రెండు గీతలు గీసేవాళ్లం. డిగ్రీ చేతికి వచ్చేనాటికి మాలో చాలామంది ఒక్క అంకెనైనా సొంతంగా కొలిచి ఎరగరు. ఒక్క మెషీన్ పక్కన, ఒక్క కౌంటర్ వెనక పూటంతా నిలబడి చూసినవాళ్లు లేరు. ఉద్యోగంలో చేరాక మొదటి రోజు తెలిసింది, ఇక్కడ అంకెలు ఎవరూ ఇవ్వరని. ఇచ్చినా అవి సగం తప్పులే.

నాకు జరిగింది చెబుతాను.

మొదటి ఉద్యోగంలో నన్ను ఓపీ విభాగం ప్లానింగ్‌లో వేశారు. డాక్టర్ల గదులు మధ్యమధ్యలో ఖాళీగా ఉంటున్నాయి, ఆ ఖాళీ తగ్గించమని పని అప్పగించారు. యుటిలైజేషన్ అంటే పనిలో ఉన్న సమయాన్ని అందుబాటులో ఉన్న సమయంతో భాగించడం అని నేర్చుకున్నాను కదా. ఎంత ఎక్కువైతే అంత మంచిదని కూడా నేర్చుకున్నాను. పరీక్షలో ఆ జవాబుకే మార్కులు పడేవి. కొన్ని గదులు మూయించాను, మిగిలిన గదులకు అపాయింట్‌మెంట్లు దగ్గర దగ్గరగా సర్దాను. నెల తిరక్కుండానే నా షీట్‌లో యుటిలైజేషన్ తొంభై దాటింది. పైవాళ్లు మెచ్చుకున్నారు.

హాలు మాత్రం కాలు పెట్టే సందు లేకుండా తయారైంది. ఒకరోజు రక్తపరీక్ష కోసం ఏమీ తినకుండా పొద్దున్నే వచ్చిన ఒక పెద్దావిడ మధ్యాహ్నం దాకా కూర్చుని, ఆ కుర్చీలోనే సొమ్మసిల్లిపోయింది. ఆవిడను లోపలికి తీసుకెళ్లాక, ఎన్నో ఏళ్లుగా ఆ విభాగం చూస్తున్న సిస్టర్ నా దగ్గరికి వచ్చి కోపం లేకుండానే అడిగింది: "బాబూ, నీ షీట్‌లో డాక్టరు గారి ఖాళీ టైముకి ఒక గడి పెట్టావు. వీళ్ల టైముకి గడి ఎక్కడుంది?"

నా దగ్గర జవాబు లేదు. అలాంటి గడి నేను ఏ పుస్తకం లెక్కలోనూ వేయలేదు.

ఆ రాత్రి పాత నోట్సు తీసి మళ్లీ లెక్కవేశాను. ఒకే కౌంటర్ ఉండి, మనుషులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్కొక్కరికి పట్టే సమయం కూడా మారిపోతూ ఉండే అతి సులువైన నమూనానే తీసుకుందాం. ఒక్కొక్కరికి సగటున 10 నిమిషాలు పడుతుందనుకోండి. కౌంటర్ సగం సమయం మాత్రమే పనిలో ఉంటే, వచ్చిన మనిషి వరుసలో సగటున 10 నిమిషాలు ఆగాలి. 80 శాతం పనిలో ఉంటే 40 నిమిషాలు. 90 శాతానికి గంటన్నర. 95 శాతానికి మూడు గంటలు దాటి మరో పది నిమిషాలు. అంటే 90 నుంచి 95కు పెంచిన ఆ చివరి ఐదు శాతం, ఎదురుచూపును రెట్టింపుకు మించి పెంచేస్తుంది. నూటికి నూరు చేద్దామనుకుంటే వరుసకు అంతు ఉండదు.

ఈ సూత్రం నాకు తెలియక కాదు. సెమిస్టర్ పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు వచ్చాయి. గంటకు ఎంతమంది వస్తారో చెప్పే లాంబ్డా ఇచ్చారు, గంటకు ఎంతమంది పని పూర్తిచేయగలరో చెప్పే మ్యూ ఇచ్చారు, సగటు నిరీక్షణ కనుక్కోమన్నారు, కనుక్కున్నాను. యుటిలైజేషన్ రెండో యూనిట్‌లో ఉండేది, క్యూ లెక్క ఐదో యూనిట్‌లో ఉండేది. ఒకచోట పెంచమని చెప్పిన అంకే ఇంకోచోట మనుషులను నిలబెట్టేస్తుందని, ఆ రెండు పాఠాలనూ కలిపి మాకు ఎవరూ చూపించలేదు. ఓపీ హాల్లో రెండు పూటలు నిలబడి ఉంటే ఎవరూ చెప్పకుండానే కనిపించేది.

తర్వాత గదులు మళ్లీ తెరిపించాను. రక్తపరీక్షల వాళ్లకు వేరే వరుస పెట్టాం. యుటిలైజేషన్ పడిపోయింది, హాలు ఊపిరి తీసుకుంది. పైవాళ్లను ఒప్పించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఎందుకంటే వాళ్లూ ఇదే చదువు చదివి వచ్చినవాళ్లు.

ఈ శాస్త్రాన్ని కట్టినవాళ్లు ఎలా పనిచేశారో మాకు చెప్పి ఉంటే ఎంత బాగుండేది. క్యూ సిద్ధాంతానికి పునాది వేసిన ఎర్లాంగ్ కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసేవాడు. కాల్స్ ఏ తీరున వస్తాయో చెప్పే ఆయన వ్యాసం 1909లో వచ్చింది. అదే ఉద్యోగంలో, భూమిలోకి లీకయ్యే కరెంటును కొలవడానికి సహాయకులెవరూ లేక, నిచ్చెన మోసే ఒక పనివాణ్ని వెంటబెట్టుకుని వీధుల్లో తిరుగుతూ మ్యాన్‌హోళ్లలోకి స్వయంగా దిగేవాడట. టయోటా కార్ల కంపెనీలో ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తైచీ ఓనో నేల మీద సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసి, ఇంజినీర్లను అందులో గంటలకొద్దీ నిలబెట్టి, ఏం జరుగుతోందో చూడమనేవాడని చెబుతారు. మాకు ఎర్లాంగ్ పేరు ఒక యూనిట్‌గా, ఓనో పేరు పనిలో జరిగే ఏడు రకాల వృథాల జాబితాగా మాత్రమే తెలుసు. ఆ ఏడూ వరుస తప్పకుండా రాస్తే ఏడు మార్కులు.

ఇంకొక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే 'ఇచ్చిన అంకె' వల్ల వచ్చే నష్టం ఇందులో బాగా తెలుస్తుంది. ఒకసారికి ఎంత సరుకు తయారుచేయాలో, ఎంత తెప్పించాలో చెప్పే సూత్రాన్ని ఫోర్డ్ హారిస్ అనే ఇంజినీరు 1913లో రాశాడు. ఈఓక్యూ పేరుతో ప్రతి విద్యార్థికీ అది కంఠతా వచ్చు. మెషీన్‌ను ఒక సరుకు నుంచి ఇంకో సరుకుకు మార్చడానికి అయ్యే ఖర్చు అందులో ఒక ముఖ్యమైన అంకె. ప్రశ్నలో అది ఇచ్చేస్తారు, మనం దాన్ని కదిలించం. టయోటాలో 1969లో ఒక పెద్ద ప్రెస్‌కు అచ్చు మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. షిగియో షింగో అనే ఇంజినీరు దాన్ని ముందు గంటన్నరకు తెచ్చాడు, ఆ తర్వాత మూడు నిమిషాలకు తెచ్చాడు. మార్పు ఖర్చు నాలుగో వంతుకు తగ్గితే అదే సూత్రం ప్రకారం ఒక్కో విడత సరుకు సగానికి తగ్గుతుంది. నిల్వలు తగ్గుతాయి, లోపం ఉంటే తొందరగా బయటపడుతుంది. ఆ మార్పంతా ప్రశ్నలో ఇచ్చిన అంకెను "ఇది ఇంతే ఎందుకు ఉండాలి" అని అడగడంతో మొదలైంది. మా పరీక్షలో ఆ ప్రశ్న అడిగితే సున్నా వస్తుంది.

దీనివల్ల ఎవరికి ఏం నష్టం జరుగుతోందో ఇప్పుడు వరుసగా మీ ముందు పెడుతున్నాను.

1. వరుసలో నిలబడేవాళ్ల కాలం ఎవరి లెక్కలోకీ రాదు. సంస్థ జీతం ఇచ్చే గంటలకు లెక్క ఉంటుంది, బయట కూర్చున్నవాళ్ల గంటలకు ఉండదు. ఆసుపత్రి, బ్యాంకు, ప్రభుత్వ కార్యాలయం, కస్టమర్ కేర్ ఫోను, ఎక్కడైనా ఇదే. రోజుకూలీ మీద బతికే మనిషికి ఒక పూట వరుసలో పోతే ఆ పూట కూలి పోయినట్టే. పసిబిడ్డను ఎత్తుకుని నిలబడ్డ తల్లికి, మోకాళ్ల నొప్పులున్న ముసలాయనకు ఆ గంట మామూలు గంట కాదు. కౌంటర్ తీసేసినవాడికి అది పొదుపుగానే కనిపిస్తుంది. నిజానికి ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు, వరుసలో ఉన్నవాళ్ల నెత్తికి ఎక్కింది.

2. పనిచేసేవాళ్ల ఒళ్లు హూనమవుతుంది. ఫోర్డ్ కంపెనీ 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టిందని, పన్నెండున్నర గంటలు పట్టే ఛాసిస్ (కారు చట్రం) బిగింపు గంటన్నరకు దిగిందని మాకు చెప్పారు. అదే ఏడాది ఆ ఫ్యాక్టరీలో పని మానేసి వెళ్లిపోయినవాళ్ల లెక్క 370 శాతం ఉందని చెప్పలేదు. అంటే ఒక్కో ఉద్యోగంలో ఏడాదికి ముగ్గురు నలుగురిని మార్చి మార్చి పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ పని మనుషులు తట్టుకోలేకపోయారు. 1914 జనవరిలో రోజుకు ఐదు డాలర్లు ఇస్తామని, పని గంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గిస్తామని ప్రకటించడానికి ఇది పెద్ద కారణం. కథ మొదటి సగం మాత్రమే విన్న విద్యార్థి రేపు స్టాప్‌వాచ్ పట్టుకుని ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడతాడు, ఆ పని తను ఒక్క గంట కూడా చేయకుండానే గంటకు ఇన్ని పెట్టెలని టార్గెట్ రాస్తాడు. నడుం నొప్పికి, నీళ్లు తాగడానికి, బాత్రూమ్‌కు వెళ్లి రావడానికి ఆ టార్గెట్‌లో చోటుండదు. గోడౌన్‌లో నేను ఇలాంటి టార్గెట్లు చూశాను. వాటిని రాసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, నాలాగే చదువుకున్నవాళ్లు.

3. గడువు ఒత్తిడి ప్రాణాల మీదికి వస్తుంది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రానా ప్లాజా అనే భవనం కూలిపోయి 1,134 మంది చనిపోయారు. గోడల్లో పగుళ్లు ముందురోజే కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పైన బట్టలు కుట్టే కార్మికులను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. అక్రమంగా లేపిన అంతస్తులు, కార్మికుల మాటకు విలువ లేకపోవడం, ఇలా చాలా కారణాలున్నాయి. ఆర్డరు సమయానికి పంపాలన్న ఒత్తిడి కూడా వాటిలో ఒకటి. ఆ ఒత్తిడిని పుట్టించేది డెలివరీ తేదీ, దాన్ని నిర్ణయించేది మా సబ్జెక్టు చదివినవాళ్లు. లీడ్ టైమ్, అంటే ఆర్డరు వేసినప్పటి నుంచి సరుకు చేరేదాకా పట్టే సమయం, తగ్గించడం గురించి మేం ఒక యూనిట్ చదివాం. తగ్గించిన ఆ రోజులు అవతల ఎవరి మీద పడతాయో ఒక్క పేరా కూడా చదవలేదు.

4. కొరత వచ్చినప్పుడు బలహీనులకే ముందు సరుకు అందదు. పసిపిల్లల డయాపర్ల వాడకం దాదాపు స్థిరంగా ఉన్నా, దుకాణం నుంచి ఫ్యాక్టరీ వైపు వెళ్లేకొద్దీ ఆర్డర్లు పెద్ద అలల్లా ఊగిపోతున్నాయని వాటిని తయారుచేసే ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ గమనించింది. దీన్నే బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. గొలుసులో ప్రతివాడూ కింది నుంచి వచ్చిన ఆర్డరునే నిజమైన గిరాకీ అనుకుని, భయంతో కొంచెం ఎక్కువ వేసుకుంటాడు. 2020లో మాస్కుల కొరత ఎంత భయపెట్టిందో అందరికీ గుర్తుంది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఒక్క ఓడ సూయజ్ కాలువలో ఆరు రోజులు అడ్డంగా ఇరుక్కుంటే వందల ఓడలు ఆగిపోయాయి. నిల్వ అంటే వృథా అని ఒక్క ముక్క నేర్చుకున్నవాడు, ఏ నిల్వ వృథానో ఏ నిల్వ ఆపదలో ఆదుకుంటుందో తేల్చుకోలేడు.

5. కొత్త వ్యవస్థలు మొదటి రోజే బోల్తా పడతాయి. 2008 మార్చి 27న లండన్ హీత్రో విమానాశ్రయంలో టెర్మినల్ 5 మొదలైంది. భవనం సిద్ధంగా ఉంది. సామాన్లు మోసే యంత్రాలూ ఉన్నాయి. సిబ్బందికి ఆ చోటు సరిగ్గా అలవాటు కాలేదు, తగినంత శిక్షణ జరగలేదు, కొందరికి కార్ పార్కింగ్ కూడా దొరకలేదు. విమానాలు వరుసగా రద్దయ్యాయి, వేల బ్యాగులు యజమానుల దగ్గరికి చేరకుండా గుట్టలుపడ్డాయి. కాగితం మీద సరిపోయిన కెపాసిటీ మనుషులు రంగంలోకి దిగగానే సరిపోలేదు.

6. ఆసుపత్రులు, బడులు, కార్యాలయాలు ఈ చదువు ఫలం పొందలేకపోతున్నాయి. మా సిలబస్‌లో ఉదాహరణలు దాదాపు అన్నీ ఫ్యాక్టరీవే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టు చూడండి. అందులో 19 అంశాలు. రోగి పేరు సరిచూసుకోవడం, ఏ వైపు కోయాలో నిర్ధారించుకోవడం, యాంటీబయాటిక్ ఇచ్చారా అని అడగడం, ఇలాంటివే. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో పెట్టి చూస్తే మరణాల రేటు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్టు 2009లో ప్రచురించారు. కొత్త మందేదీ లేదు, పని జరిగే తీరు సరిచేశారు. అరవింద్ కంటి ఆసుపత్రుల్లో సర్జన్‌కు రెండు బల్లలు ఉంటాయి. ఒకదాని మీద ఆపరేషన్ జరుగుతుండగా పక్కదాని మీద తర్వాతి రోగిని సిద్ధం చేస్తారు. సర్జన్ సమయమే బాటిల్‌నెక్, అంటే మొత్తం పని వేగాన్ని ఆపే ఇరుకు, అని గుర్తించి, దాని చుట్టూ మిగతా పనిని అమర్చారు. ఇలాంటివి చేయగల పిల్లలు మన క్లాసుల్లో ఉన్నారు, వాళ్లకు ఆ ఆలోచనే రానివ్వడం లేదు.

7. విద్యార్థీ నష్టపోతాడు. ఇంటర్వ్యూలో "మీరు స్వయంగా చూసిన ఒక ప్రాసెస్ గురించి చెప్పండి" అంటే గొంతు ఎండిపోతుంది. అప్పు చేసి చదివించినవాళ్ల ముఖం గుర్తుకొస్తుంది. ఆ టెన్షన్ నేను పడ్డాను, ఇప్పుడు ఇంటర్వ్యూ చేసే బల్లకు ఇవతల కూర్చుని రోజూ చూస్తున్నాను.

మా వినతిపత్రం సంగతి ఎత్తినప్పుడు కొందరు అధ్యాపకులు విడిగా మాట్లాడారు. వాళ్లు చెప్పిన ఇబ్బందులు నిజమైనవే. క్లాసులో పిల్లలు ఎక్కువ, కంపెనీలు లోపలికి రానివ్వవు, సిలబస్ పూర్తిచేయకపోతే అడిగేవాళ్లున్నారు, తమకే ఫ్యాక్టరీ అనుభవం లేదు. ఆఖరి మాట ఒప్పుకున్నవారి నిజాయతీకి దండం పెడతాను.

అయితే పరిశీలనకు కంపెనీ గేటు దాటాల్సిన పనేమీ లేదు. విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఫీజు కౌంటర్ ఉంది, లైబ్రరీ ఉంది, హాస్టల్ వంటగది ఉంది, సర్టిఫికెట్లు ఇచ్చే సెక్షన్ ఉంది. ఆ సెక్షన్‌నే తీసుకోండి. 600 దరఖాస్తులు పెండింగ్‌లో ఉండి, రోజుకు 20 సర్టిఫికెట్లు బయటికి వెళ్తుంటే, ఒక దరఖాస్తు సగటున 30 రోజులు లోపల ఉంటుంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన నియమం ఇది. లోపల ఉన్నవాటిని రోజూ బయటికి వెళ్లేవాటితో భాగిస్తే చాలు. ఆ 30 రోజుల్లో ఆ కాగితం మీద నిజంగా పని జరిగింది ఎన్ని నిమిషాలు, ఏ బల్ల మీద ఎన్ని రోజులు ఊరికే ఉంది, ఎవరి సంతకం కోసం ఆగింది? ఒక విద్యార్థి ఒక్క దరఖాస్తు వెంట నడిచి ఇవన్నీ రాసుకుంటే, ఒక సెమిస్టర్ పాఠాలు ఆ ఒక్క కాగితంలో దొరుకుతాయి. గుమస్తా గారి మీద ఎంత భారం ఉందో కూడా తెలుస్తుంది. అక్కడ సాయంత్రం దాకా ఫైళ్ల మధ్య కూర్చునే మనిషిని తిట్టడం ఎంత తేలికో, ఆయన పని తీరు అర్థం చేసుకోవడం ఎంత కష్టమో ఆ పిల్లలకు అర్థమవుతుంది. పైగా విశ్వవిద్యాలయానికే ఉపయోగం.

కాబట్టి మా కోరికలు ఇవి.

1. కోర్సు పూర్తయ్యేలోపు ప్రతి విద్యార్థీ ఒకే చోట కనీసం 40 గంటలు నిలబడి పరిశీలించాలి. ఏ చోటైనా సరే. ఒకరోజు బస్సులో తీసుకెళ్లి ఫోటోలు దిగే ఇండస్ట్రియల్ విజిట్‌ను దీని కింద లెక్కించవద్దు. ఈ 40 గంటలు క్యూ పాఠం, ఇన్వెంటరీ పాఠం చెప్పకముందే మొదలవ్వాలి. ముందు చూసి, ఎందుకిలా అని తల పట్టుకున్నాక సూత్రం చెబితే అది జన్మలో మరచిపోరు.

2. ప్రశ్నపత్రంలో మూడో వంతు మార్కులు అంకెలు ఇవ్వని ప్రశ్నలకు ఉండాలి. ఒక పరిస్థితిని వర్ణించి, "ఇక్కడ ఏం కొలవాలి, ఎలా కొలుస్తారు, ఎవరిని అడుగుతారు, ఏ అంకెను నమ్మరు" అని అడగండి. దిద్దడం కష్టమవుతుందని తెలుసు. దిద్దేవారికి అదనపు సమయం, అదనపు పారితోషికం ఇవ్వాలని కూడా ఇందులో భాగంగానే అడుగుతున్నాం.

3. ప్రతి లెక్కలో ఖర్చుతోపాటు మరో మూడు గడులు ఉండాలి: ఎదురుచూసేవాళ్ల సమయం, పనిచేసేవాళ్ల భారం, భద్రత. మోడల్ జవాబులు కూడా ఆ ప్రకారమే తిరగరాయాలి. యుటిలైజేషన్ పాఠాన్నీ క్యూ పాఠాన్నీ ఒకే యూనిట్‌లో పెట్టండి. ఇది ఈ సెమిస్టర్ నుంచే చేయవచ్చు, పైసా ఖర్చు లేదు.

4. ప్రాజెక్ట్ రిపోర్టుల పద్ధతి మార్చండి. డబ్బులిస్తే దొరికే బైండింగ్ రిపోర్టులు అందరికీ తెలిసిన సంగతే. దాని బదులు విద్యార్థి చేత్తో రాసుకున్న పరిశీలన పుస్తకం అడగండి. తేదీ, గంట, చూసింది, కొలిచింది, అర్థం కానిది. కొట్టివేతలు ఉన్నా పరవాలేదు. దాని మీద పావుగంట మౌఖిక పరీక్ష పెడితే ఎవరు చూశారో, ఎవరు చూడలేదో ఇట్టే తేలిపోతుంది.

5. అధ్యాపకులకు ఏటా రెండు వారాలు జీతంతో క్షేత్రానికి వెళ్లే వీలు కల్పించండి. వారిని సెలవులు త్యాగం చేయమనడం న్యాయం కాదు. అలాగే సెమిస్టర్‌లో కనీసం నాలుగు తరగతులు షిఫ్ట్ సూపర్‌వైజర్లు, నర్సులు, గోడౌన్ ఇన్‌ఛార్జిలు, డిస్పాచ్ క్లర్కులు చెప్పాలి. వారికి డిగ్రీ లేదనే కారణంతో గౌరవ వేతనం ఆపవద్దు. ఆ సిస్టర్ నాకు ఒక్క వాక్యంలో నేర్పింది నా డిగ్రీ నేర్పలేదు.

6. దుకాణం నుంచి ఫ్యాక్టరీ దాకా నలుగురు నాలుగు అంచెలుగా ఆర్డర్లు వేసుకునే సరఫరా గొలుసు ఆట ప్రతి బ్యాచ్ చేతా ఒక్కసారైనా ఆడించండి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ బీర్ గేమ్‌కు కాగితాలు, నాణేలు, మూడు గంటల సమయం చాలు. నలుగురు స్నేహితులు, ఒకరి మీద ఒకరికి కోపమే లేనివాళ్లు, అరగంటలో ఒకరినొకరు నిందించుకోవడం మొదలుపెడతారు. ఆట చివర్లో నిజమైన గిరాకీ ఒక్కసారి మాత్రమే మారిందని చూపిస్తే ఆ నిశ్శబ్దం చూడాలి.

7. ఉన్న వనరులతో అత్యుత్తమ ఫలితం కనుక్కోవడానికి చేతితో గంటలకొద్దీ చేసే సింప్లెక్స్ పట్టికలను తగ్గించి, ఆ సమయం స్ప్రెడ్‌షీట్ సిమ్యులేషన్‌కు, అంటే నిజమైన పనిని కంప్యూటర్‌లో అనుకరించి చూడడానికి, ఇవ్వండి.

8. ఈ కోరికలను తర్వాతి బోర్డు సమావేశం అజెండాలో చేర్చి, ఆ చర్చ సారాంశాన్ని బయటపెట్టండి. ఏదైనా ఒప్పుకోలేకపోతే ఎందుకో రాయండి. పూర్వ విద్యార్థుల నుంచి ఇద్దరిని, ప్రస్తుత విద్యార్థుల నుంచి ఇద్దరిని ఆ సమావేశానికి పిలవండి.

మేం చేతులు కట్టుకుని కూర్చోం. ఈ లేఖ వెనక ఉన్నవాళ్లలో ఇప్పటికే పదకొండు మంది తమ పనిచోట విద్యార్థులను నిలబెట్టుకోవడానికి తమ యాజమాన్యాల అనుమతి అడుగుతున్నారు. ముగ్గురికి అనుమతి వచ్చింది. మొదటి బ్యాచ్ పరిశీలన పుస్తకం ఎలా ఉండాలో ఒక నమూనా తయారుచేశాం, దాన్ని బోర్డు కార్యాలయానికి ఈ లేఖతోపాటే పంపుతున్నాం. శని, ఆదివారాల్లో వచ్చి తరగతులు తీసుకోవడానికి నేను సిద్ధం, దానికి నాకు ఏమీ ఇవ్వనక్కర్లేదు.

ఈ లేఖకు 30 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. మూడో వినతిపత్రం కూడా మొదటి రెండింటితో చేరిపోతే, సర్టిఫికెట్ సెక్షన్ దరఖాస్తుకు చెప్పినట్టే దీని వెంటా నడుస్తాం. ఏ బల్ల దగ్గర ఎన్ని రోజులు ఆగిందో తేదీలతో రాసి మళ్లీ మీ ముందు ఉంచుతాం.

ఇట్లు,
తన మొదటి ఉద్యోగంలో ఓపీ హాలు నింపేసిన ఒక ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ పూర్వ విద్యార్థి,
సహ విద్యార్థుల తరఫున